ఎవరి తాలూకా? మారిషస్ తెలుగువారి పూర్వీకుల ఊరు వేటలో ఇంటిపేరు లేని చిక్కు

ఉత్తరాంధ్ర పల్లెల్లో కొత్త మనిషి కనబడగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకా?" అన్నది. ఏ ఇంటికి చెందినవారు, ఎవరి బంధువులు, ఈ ఊళ్ళో ఎవరి ద్వారా పరిచయం అన్న మూడు సంగతులూ ఆ రెండు మాటల్లో ఇమిడి ఉన్నాయి. సమాధానంగా ఒక ఇంటిపేరు చెబితే చాలు, నిమిషంలో వరస తేలిపోతుంది. వచ్చినవాడు బావో బాబాయో అయిపోతాడు, కూర్చోవడానికి మంచం వాలుస్తారు. మారిషస్ నుంచి తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చే తెలుగు కుటుంబాలు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. వారి చేతిలో ఓడ పేరు, తేదీ, వలస సంఖ్య, ముత్తాత ఎత్తు, ఒంటి మీది మచ్చ వంటి వివరాలన్నీ ఉంటాయి కానీ ఇంటిపేరు ఉండదు.

చెరకు తోటల్లో బానిసత్వం రద్దవుతుండగా కూలీల కొరత తీర్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1834లో ఒప్పంద కూలీ పద్ధతిని మారిషస్‌లో ప్రారంభించింది. 1910 వరకు సాగిన ఆ రవాణాలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారు దిగిన చోటును నేడు అప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఓడ దిగినవారు ఎక్కిన పదహారు రాతి మెట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. వచ్చినవారిలో ఎక్కువ మంది బీహారు ప్రాంతం వారు కాగా, తరువాతి స్థానం మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) నుంచి వెళ్ళినవారిది. వీరిలో తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి ప్రాంతాల తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు ఎంతగా స్థిరపడిందంటే, మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళనే కోరంగీలని పిలిచారు. ఇప్పుడు ఆ రేవు లేదు, మడ అడవి ఉంది. 1839 నాటి తుఫాను ఉప్పెన కోరంగిని ముంచేయగా, ఆ తరువాత మేట వేసిన ఇసుక మిగిలిన పని పూర్తి చేసింది. అదే ఏడాది కూలీల వలసను నిషేధించిన ప్రభుత్వం 1842లో మళ్ళీ అనుమతించినప్పుడు కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవులకే ఆ వీలు కల్పించింది. కాబట్టి రికార్డులో "మద్రాసు" అని ఉంటే అది ఓడ ఎక్కిన రేవే తప్ప పుట్టిన ప్రాంతం కాదు. ఈ చిన్న తేడా తెలియక తమను తమిళ సంతతిగా భావించుకున్న తెలుగు కుటుంబాలు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఆ రికార్డుల విలువను తక్కువ చేయడానికి వీల్లేదు. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస రిజిస్టర్లలో ప్రతి కూలీకీ ఒక సంఖ్య ఉంది, ఆ సంఖ్య బతికినంత కాలం అతనిని వెంటాడింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, జిల్లా, పరగణా, ఊరు అనే గడుల్లో వివరాలు నింపేవారు. 1860ల నుంచి కొందరి ఫోటోలు కూడా తీశారు. కుటుంబ సభ్యులు దరఖాస్తు చేసుకుంటే తమ పూర్వీకుడి నమోదు నకలును అక్కడ పొందవచ్చు. తోట నుంచి పారిపోయిన కూలీని పట్టుకోవడానికి రాసుకున్న ఆనవాళ్ళే నూటయాభై ఏళ్ళ తరువాత మునిమనుమలకు ముత్తాత ముఖాన్ని ఊహించుకునే ఆధారమయ్యాయి.

అయితే ఆ గడుల్లో ఇంటిపేరుకు చోటు లేదు. రిజిస్టరు తయారుచేసినవారికి మనిషి పేరు, తండ్రి పేరు ఉంటే మనిషిని గుర్తుపట్టడానికి సరిపోతుందన్న లెక్క ఉంది. తెలుగు పల్లెలో ఆ లెక్క పనిచేయదు. ఒక్కో ఊళ్ళో పదిమంది అప్పన్నలు, ఆరుగురు రామయ్యలు ఉంటారు. వారిని వేరుచేసేది పేరుకు ముందున్న ఇంటిపేరు. ఒకే ఇంటిపేరు గలవారు అన్నదమ్ముల వరస, వేరే ఇంటిపేరైతే వియ్యానికి దారి ఉంటుంది. ఊరి జ్ఞాపకమంతా ఈ పద్ధతిలోనే నిలువ ఉంటుంది. రేవులో గుమాస్తా "నీ పేరేమిటి?" అని అడిగాడు, వచ్చినవాడు "అప్పడు" అన్నాడు. తరువాత పుట్టిన పిల్లలకు, ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడ్డ జనన నమోదు అధికారులు ఆ అప్పడునే కుటుంబ నామంగా రాశారు. అలా ఒక మనిషి సొంత పేరు, పలుకు సాగి "అప్పాదూ"గా మారి, అయిదారు తరాలకు ఇంటిపేరైపోయింది. సన్యాసి "సనాసీ" కావడం, రామన్న "రామానా" కావడం ఈ కోవలోవే. దక్షిణాఫ్రికాలో ఇంకో రకం మార్పు జరిగింది. అక్కడ లెక్కలేనంత మందికి కుటుంబ నామమైన "నాయుడూ" నిజానికి కాపు, వెలమ, బలిజ, గవర కులాలవారు పేరు చివర పెట్టుకునే గౌరవ పదమే తప్ప ఏ ఒక్క ఇంటికీ చెందింది కాదు. డర్బన్ నుంచి వచ్చి "మేము నాయుళ్ళం" అని చెబితే శ్రీకాకుళం జిల్లాలో అది ఒక కులాన్ని కూడా తేల్చదు, ఇక కుటుంబం మాట చెప్పనే అక్కర్లేదు.

తెలుగు నేల మీద వంశాల జాబితాలు నోటితో నిలిపినవారు లేకపోలేదు. కాపు, రెడ్డి కులాల గోత్రాలు, ఇంటిపేర్లు, శాఖలు కథగా చెప్పి దానం పుచ్చుకునే పిచ్చుకుంట్లవారి వృత్తే అది. బీహారు వలసల వారసులకు గయలో పండాలనే పూజారుల వంశావళి పుస్తకాలు (బహీలు) కొంత అక్కరకొస్తున్నట్టే వీరి జ్ఞాపకమూ అక్కరకు రావాలి. కానీ ఆ గానానికి తాళంచెవి కూడా ఇంటిపేరే. పైగా కూలికి ఓడ ఎక్కినవారిలో పెద్ద భాగం అలాంటి గాయకులను పోషించే స్తోమత లేని కులాలవారు. పుస్తకంలోనూ పాటలోనూ చోటు దొరకనివారే సముద్రం దాటారు.

ఇంటిపేరు లేనప్పుడు మిగిలిన ఆధారాల్లో చాలామంది పట్టించుకోనిది మనిషి సొంత పేరు. పాతకాలపు తెలుగు పేర్లలో దాదాపు ఒక ప్రాంతీయ పటం దాగి ఉంటుంది, ఎందుకంటే పిల్లలకు దగ్గరలోని కొండమీది దేవుడి పేరో, ఊరి అమ్మవారి పేరో పెట్టడం ఆనవాయితీ. అప్పన్న, అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాచలం అన్న పేర్లు సింహాచలం దేవుడి ప్రభావమున్న విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వైపు చూపిస్తాయి. పైడితల్లి, పైడిరాజు, పైడయ్య అంటే విజయనగరం చుట్టుపక్కల వెతకాలి. నూకరాజు, నూకాలమ్మ అనకాపల్లి పేర్లు. లోవరాజు అంటే తుని దగ్గరి తలుపులమ్మ లోవ గుర్తుకు రావాలి. పెంచలయ్య అన్న పేరు కనిపిస్తే అసలు ఉత్తరాంధ్రను వదిలి నెల్లూరు జిల్లా పెంచలకోన వైపు తిరగాలి. ఇది తిరుగులేని రుజువు కాదు, పేర్లు పెళ్ళిళ్ళతో పాటు ప్రయాణిస్తాయి. అయినా గుమాస్తా చెవిన పడి వంకరపోయిన ఊరి పేరు కన్నా కూలీ తల్లి పెట్టిన పేరు నమ్మదగిన సాక్ష్యమని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. ముత్తాత పేరు ఒక్కటే కాకుండా ఆయన తోబుట్టువులు, పిల్లల పేర్లు కూడా వరసగా రాసుకుంటే ఒక ప్రాంతం నెమ్మదిగా తేలుతుంది.

ఊరి గడిలో రాసినది చదవడం ఒక పెద్ద పని. తెలుగు తెలియని రాతగాడు, ప్రయాణంతో అలసిన కూలీ, మధ్యలో దుబాసీ, ఈ ముగ్గురి నోళ్ళ మీదుగా వచ్చిన మాటను కళ్ళతో చదివితే అర్థం కాదు, పైకి పలికి వినాలి. విన్నాక కూడా చిక్కు తీరదు. కొత్తవలస, రామాపురం, వెంకటాపురం, లక్ష్మీపురం వంటి పేర్లు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. ఊరికి ఆనుకున్న పేటకో అగ్రహారానికో వేరే పేరు ఉండి, కూలీ ఆ పేరే చెప్పి ఉండవచ్చు, అది ఏ రెవెన్యూ జాబితాలోనూ దొరకకపోవచ్చు. పైన రాసిన జిల్లా పేరు ఇంకా తికమక పెడుతుంది. రాజమండ్రి జిల్లా 1859లో గోదావరి జిల్లా అయింది, అది 1925లో తూర్పు, పశ్చిమలుగా చీలింది. విశాఖపట్నం జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం వేరుపడగా, 1979లో విజయనగరం ఏర్పడింది. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు, కాకినాడ, కోనసీమ వంటి కొత్త జిల్లాలు వచ్చాయి. గంజాం జిల్లా 1936లో ఒరిస్సాకు వెళ్ళినప్పుడు దాని దక్షిణ కొస మాత్రం మద్రాసులో మిగిలి నేటి శ్రీకాకుళంలో కలిసింది. కాబట్టి రిజిస్టరులో "గంజాం" అని చూసి బరంపురానికి టికెట్టు కొనుక్కున్నవారు ఇచ్ఛాపురానికో టెక్కలికో రావలసినవారై ఉండవచ్చు.

ఈ దశలో బాగా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. పూర్వీకుడి నమోదు ఒక్కటే చూసి ఊరుకోకుండా, అదే ఓడలో ఆయనకు ముందు వెనుక సంఖ్యలున్నవారి వివరాలు కూడా చూడాలి. తోటల నుంచి తిరిగొచ్చిన సర్దార్లు (కూలీల మేస్త్రీలు) తమ ఊరి, పక్క ఊరి మనుషులనే పోగుచేసి తీసుకువెళ్ళడం అప్పటి రివాజు. వరసగా నిలబడ్డ అయిదుగురి ఊరి పేరును అయిదు రకాలుగా రాసి ఉంటే, ఆ అయిదు తప్పుల మధ్య నుంచి అసలు పేరు బయటపడుతుంది. ఒక్క తప్పు దారి తప్పిస్తుంది గానీ అయిదు తప్పులు కలిస్తే దారి చూపిస్తాయి.

ఊరు దొరికిందనుకుందాం. ఇక్కడి నుంచి కాగితాల పరిస్థితి తలకిందులవుతుంది. మారిషస్‌లో ఒక కూలీ గురించి ఉన్నంత సమాచారం అతను పుట్టిన ఊళ్ళో అదే కాలపు ఏ మనిషి గురించీ దొరకదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో 1802 నుంచి అమలైన శాశ్వత పైసలా (జమీందారు కట్టే శిస్తును మారకుండా నిర్ణయించిన ఏర్పాటు) ప్రకారం శిస్తు లెక్క సర్కారుకూ జమీందారుకూ మధ్యనే సాగింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి సంస్థానాల కింద ఏ రైతు ఏ చెక్క దున్నాడో సర్కారు పుస్తకాల్లోకి ఎక్కాల్సిన పనిలేదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక గానీ ఆ గ్రామాల్లో రైతువారీ నమోదు మొదలుకాలేదు. అంతకుముందు ఉన్నదంతా కరణం గారి ఇంట్లోని కట్టలే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసినప్పుడు వాటిలో కొన్ని మండల కార్యాలయాలకు చేరాయి, కొన్ని అటకల మీద చెదలకు ఆహారమయ్యాయి. భూమి ఉన్నవారి మాటే ఇలా ఉంటే, సెంటు భూమి లేక పాలేరుతనం చేసినవాడి జాడ ఆ కట్టలు ఉన్నా దొరికేది కాదు.

ఊరి నోటి జ్ఞాపకం సంగతి కూడా ఇంతే. వలస వెళ్ళినవారి వారసులకు ఆ ప్రయాణం కుటుంబ చరిత్రకు మొదటి పుట. మిగిలిన ఊరికి అది నందన కరువులోనో ధాత కరువులోనో కనిపించకుండా పోయిన అనేక మందిలో ఒకరి సంగతి. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును నందన నామ సంవత్సరం పేరుతోనూ, 1876లో మొదలైన కరువును ధాత పేరుతోనూ జనం గుర్తుంచుకున్నారు గానీ, ఆ ఏళ్ళలో ఎవరు చనిపోయారో, ఎవరు రేవుకు నడిచిపోయారో లెక్క పెట్టుకునే తీరిక ఎవరికీ లేదు. తిరిగి రాని మనిషికి కొన్నేళ్ళు ఎదురుచూసి, తరువాత తిలోదకాలు ఇచ్చేసిన ఇళ్ళు కూడా ఉండే ఉంటాయి. అలాంటి ఇంటి గుమ్మంలో ఏడో తరం మనిషి నిలబడి తన పేరు చెబితే, ఇంట్లోవాళ్ళు తడబడటంలో తప్పేముంది?

ఆ తడబాటులో కొంత భయం కూడా కలిసి ఉంటుంది, దానిని మర్యాద కోసం దాటవేయడం మంచిది కాదు. పరదేశం నుంచి వచ్చినవారు ముత్తాత పేరు, తండ్రుల వరస, పాత ఇల్లు ఎక్కడ అని కాగితం పట్టుకుని అడుగుతుంటే పల్లెలో వచ్చే మొదటి ఆలోచన ఆస్తిలో వాటా. భూమి ధరలు పెరిగిన చోట ఈ అనుమానం ఇంకా బలంగా ఉంటుంది. ఊరి పెద్దనో, బడి మాస్టారినో ముందుగా కలిసి, వచ్చిన పని ఇదీ అని చెప్పించుకున్నవారికి నోళ్ళు తొందరగా తెరుచుకుంటాయి.

కులం గడి ఇంకా ఇబ్బందికరమైనది. మారిషస్‌లో మూడు నాలుగు తరాలుగా దాని గురించి మాట్లాడటం మానేసిన కుటుంబాలు ఉన్నాయి. కొందరు తమకు తెలిసినది ఒకటైతే రిజిస్టరులో ఇంకొకటి చూసి నివ్వెరపోతారు. ఆ గడిలో "జెంటూ" అనో "తెలింగ" అనో రాసి ఉంటే అది కులమే కాదు, తెలుగువాడన్న అర్థంలో అప్పటి తెల్లవారు వాడిన మాట. రేవులో కులం చెప్పుకునేటప్పుడు ఒక మెట్టు పైకెక్కినవారూ ఉండవచ్చు, ఎక్కువ కూలీ పని దొరుకుతుందని ఒక మెట్టు దిగినవారూ ఉండవచ్చు. అయినా పల్లెకు వెళ్ళాక ఈ సంగతి తప్పించుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే ఊరు వీధులుగా విడిపోయి ఉంది, ఆ వీధులు కులాలవారీగా ఉన్నాయి. ఏ వీధికి వెళ్ళి అడగాలో తెలియకపోతే అడగడమే కుదరదు. కారు ఆగేది రామాలయం దగ్గర, స్వాగతం పలికేది ఊరి మోతుబరి. పూర్వీకుడి గుడిసె ఉండి ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది ఊరి చివర పేటలో. పూలదండలతో ఫోటోలు దిగి వెనక్కి వెళ్ళిన ప్రయాణాల్లో ఎన్ని అసలు ఆ పేట దాకా వెళ్ళాయన్నది అడగదగిన ప్రశ్న.

ప్రముఖుల పర్యటనలు ఈ విషయంలో కొంత తప్పుడు ఆశ కలిగించాయి. 2012 జనవరిలో అప్పటి ట్రినిడాడ్ ప్రధాని కమలా పర్సాద్ బిసెస్సార్ బీహారులోని బక్సర్ జిల్లా భేలూపూర్‌లో తన ముత్తాత ఊరిని దర్శించినప్పుడు జనం పోటెత్తారు. ప్రధానికి ముందుగా అధికారులు వెతికి పెడతారు. మామూలు కుటుంబానికి వారం రోజుల సెలవు, అద్దె కారు, భాష రాని మార్గదర్శి మాత్రమే ఉంటారు.

తెలుగు వలసలు అన్నిటి పరిస్థితీ ఒకేలా లేదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు సుమారు లక్షా యాభై రెండు వేల మంది భారతీయులు వెళ్ళారు. వారి ఓడ జాబితాలను కంప్యూటరులో వెతుక్కునేలా చేశారు కాబట్టి ఒకే ఊరి నుంచి వెళ్ళినవారందరినీ ఒకచోట చూడవచ్చు. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి, కాబట్టి అక్కడివారికి వెళ్ళిన మనిషి తాతో, ముత్తాతో అవుతాడు. ఆయన నోట విన్న ఊరి పేరు ఇంట్లో ఇంకా ఎవరికో గుర్తుండే అవకాశం ఉంది. మారిషస్ వలస వీటికంటే ఒక తరం, రెండు తరాలు పాతది కావడమే అక్కడివారి వేటను కష్టం చేస్తోంది.

చట్టం మాత్రం ఈ మధ్య వారి వైపు ఒక అడుగు వేసింది. విదేశీ భారత పౌరుల (ఓసీఐ) కార్డు సాధారణంగా నాలుగో తరం వరకే వర్తిస్తుంది. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మారిషస్ పర్యటనలో, ఆ దేశపు భారతీయ సంతతికి ఏడో తరం వరకు ఆ అర్హత కల్పిస్తున్నట్టు ప్రకటించారు. దరఖాస్తుకు కావలసింది వలస సంఖ్య నుంచి తన జనన పత్రం దాకా తెగని గొలుసు. ఊరు దొరక్కపోయినా కార్డు దొరుకుతుంది. గొలుసును ఆ చివర నుంచి ఈ చివర దాకా పేర్చేటప్పుడు చాలా కుటుంబాలకు మొదటిసారిగా అప్పాదూ అన్నది ఒకప్పుడు అప్పడు అని తెలుస్తుంది.

కాగితం చెప్పలేనిది కొంత ఆచారం చెబుతోంది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. తెలుగు ఇంట్లో మాట్లాడేవారు బాగా తగ్గిపోయారు, రోజువారీ మాట క్రియోల్. కానీ తెలుగు కుటుంబాలు రామభజన వదల్లేదు. దీపస్తంభం చుట్టూ తిరుగుతూ, అర్థం సగమే తెలిసిన పాటలను తాళం తప్పకుండా పాడతారు. అమ్మోరు పండుగ చేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. తమిళ, భోజ్‌పురి ఇరుగుపొరుగు మధ్య నూటయాభై ఏళ్ళు బతికి, తిరుపతి వెంకన్న ఖ్యాతి అంతా వింటూ కూడా, ఒక సమూహం సింహాద్రి అప్పన్ననే కులదైవంగా పట్టుకుని ఉందంటే అది ఎక్కడి నుంచి వెళ్ళిందో చెప్పడానికి వేరే జిల్లా గడి అవసరమా? రేవు గుమాస్తా అడగని ప్రశ్నకు ఈ పూజ ప్రతి ఏటా జవాబు చెబుతూనే ఉంది.

అందుకే ఊరు తేలని కుటుంబాలకు సింహాచలం ఊరికి ప్రత్యామ్నాయం కాదు, ఒక విధంగా ఊరికన్నా గట్టి చిరునామా. పూర్వీకుడు ఏ పల్లెలో పుట్టినా ఓడ ఎక్కేలోపు ఈ కొండ ఎక్కి ఉండే అవకాశం బాగా ఉంది, కనీసం దాని పేరు మీద పేరు పెట్టుకుని ఉన్నాడు. ఏడాదంతా చందనం కప్పుకుని లింగాకారంలా కనిపించే స్వామి నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్క రోజే కనబడుతుంది. ఆ రోజు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం కొండ మీదకు చేరతారు. గుడిలో కప్ప స్తంభాన్ని కౌగలించుకోవడానికి వరసలో నిలబడ్డవారిని వెనుక నిలబడ్డవారు ఎవరి తాలూకా అని అడగరు. చేతులు చాలనప్పుడు పక్కవారు అందుకుని కలుపుతారు, తరువాతి మనిషి ముందుకు జరుగుతాడు.